కచ్చాకుట్టు

చెంగల్రాయుడు స్టూడియో మూసేసినప్పుడు
లైట్లు, స్టాండ్లు కిలోల లెక్కన పోయినాయి.
నాకు మాత్రం ఒక డిస్కు ఇచ్చినాడు,
నీళ్ళ మీద నూనె మాదిరి అడుగున నీలంగా మెరిసేది.
"కొత్త కెమెరా వచ్చిన రోజు
పనిచేస్తుందో లేదో చూద్దామని
హైరోడ్డు ఎడమ వరసంతా తీసినా మామా.
నీ అంగడీ ఉంటుంది, చూసుకో."

ఎడమ వరస ఇప్పుడు లేదు.
రోడ్డు వెడల్పుకని పదడుగులు అడిగి
పన్నెండు తీసుకున్నారు.
నేను మిట్టూరులో, మేడమీద గదిలో కుట్టుకుంటున్నా.

డిస్కు చదివే పెట్టె వేలూరు నుంచి తెప్పించినా,
పాతదే, నాలుగు ప్యాంట్ల కూలికి.
పెట్టె ఉంటే చాలదంట.
కింది ఇంటి యామిని, పాలిటెక్నిక్ పిల్ల, చెప్పింది:
"ఆడించే సాఫ్ట్‌వేర్ వేరే కావాల తాతా.
మూడుండాయి. ఏది కావాల?"

ఏది కావాల అని నన్నడుగుతుంది!
నలభై ఏండ్లు నేనడిగిన మాట అది.
కాలరు ఏది కావాల, జేబు ఒకటా రెండా.

మొదటిది కొనేది.
బొమ్మ ఎంత నున్నగా ఆడిందంటే
ఇస్త్రీ దించిన పాప్లిన్ అనుకో.
అయితే నడిమధ్యన అడ్డంగా ఒక అక్షరాల పట్టీ,
బెల్లం బండి మీదుగా, వేలూరు బస్సు మీదుగా,
వచ్చే పొయ్యే అందరి మొహాల మీదుగా.
"ఇదేందమ్మా?"
"ట్రయల్ తాతా. పదైదు రోజులు. డబ్బు కడితే పోతుంది."
ట్రయల్ అంటే నాకు తెలీదా.
గుండుసూదులు గుచ్చి, అద్దం ముందర నిలబెట్టి
ఊపిరి బిగబట్టమనేది.
మా కచ్చాకుట్టు తెల్లదారం, సన్నంగా ఉండేది.
మొహాన వేసే వాళ్ళం కాదు.
వెల అడిగినా. లైనింగు జాకెట్లు పదహారు.

రెండోది నెట్టు అడిగింది,
పేరడిగింది, ఊరడిగింది, పుట్టిన తేదీ అడిగింది.
బళ్ళో అయ్యవారు వేసిన తేదీనే చెప్పినా.
అన్నీ రాసుకొని
మీ కంప్యూటరు పాతది, చేతకాదు, అనేసింది.
పెండ్లిచూపులకు వచ్చి కాఫీ తాగి పోయినట్టు.

మూడోది ఊరికే వచ్చేది.
మెనూ లేదు, హంగు లేదు,
డిస్కు పెట్టంగానే నేరుగా రోడ్డు మీదికి తోసింది.
గోడలు బాగుండాయి, బోర్డులు బాగుండాయి,
కదిలిన దానికంతా అంచులు పీలికలు.
నడిచే మనిషి పక్కలంటా దువ్వెన పండ్లు.
ఓవర్‌లాకు చెయ్యని గుడ్డ.

"మొదటిదే కొనేస్తావా తాతా?"
ఉండమన్నా.
గుడ్డ మంచిదే. కుట్టులో ఏదో తప్పింది.
"యాడో ఒక మడత ఉంటుంది, ఇప్పి చూడు."
ఆ పిల్ల ఒకటి తెరిచింది, దాంట్లో ఇంకోటి తెరిచింది,
నా తట్టలో అన్నం చల్లారిపోయింది.
ఐదో మడతలో, చిన్న గడిలో
ఒక టిక్కు పెట్టింది.

అంచులు కూడుకున్నాయి.

బస్సు బస్సైంది.
ముంజకాయల ఆమె కత్తి దిగింది,
చిందిన నీళ్ళు చుక్క చుక్కా విడిగా.

"ఇంకోటుంది తాతా. ఈ మీట నొక్కితే ఒక్కో బొమ్మే కదుల్తుంది."

ఒక్కో బొమ్మగా నా అంగడి దాకా పోయినా.
టైలర్స్‌లో చివరి అక్షరం రాలిపోయి, అట్లనే ఉంది.
లోపల నా వీపు. వీపొక్కటే.
జుట్టు ఇంకా నల్లగా.
నా ముందర ఒక పిల్లోడు
రెండు చేతులూ బార్లా చాపి, కొలతకు నిలబడి.
భుజం పదమూడున్నర.
పేరు గుర్తు లేదు. పదమూడున్నర.
ఆ వారమే గోడలకు ఎర్రగీతలు గీసింది.
చొక్కాకు మళ్ళా ఎవురూ రాలేదు.

యామిని మీట మీది నుంచి వేలు తీసింది.
"బాగుంది కదా. ఇట్లే నిలిపి పెట్టనా?"

"వద్దమ్మా, ఆడించు.
ఎంతసేపని నిలబడతాడు పాపం,
చేతులు దించనీ."